ఆట కావలెను, ఆటగాడు వలదు

మన విద్యావంతుల గృహములలో నేడొక వింత న్యాయము నడచుచున్నది. కూతురు పట్టణములోని నృత్యశాలకు పోయి సాల్సా నేర్చినచో తల్లిదండ్రులు చుట్టములకు చెప్పుకొని మురియుదురు. వ్యాయామము పేరిట జుంబా అను గంతులాటకు రుసుము చెల్లించి పోవుట నాగరకతకు గుఱుతు. ఆ కూతురే ఊరి అమ్మవారి పండుగనాడు డప్పుదరువునకు రెండడుగులు వేసినచో ఆ తల్లిదండ్రులకే తలవంపు. మొదటిది కళ, రెండవది అలగాతనము. ఈ భేదమునకు కారణమేమని యడిగినచో, "అది వేఱు, ఇది వేఱు" అని యొక్కమాటతో త్రోసివేయుదురు. ఎట్లు వేఱో చెప్పువారు కానరారు.

వేఱు కాదనియే నా వాదము. క్యూబా దీవి రంబాయు, బ్రెజిలు దేశపు సాంబాయు, శ్రీకాకుళము తప్పెటగుళ్ళును, మన్యపు థింసాయు ఒకే విధమైన నేలలో మొలచినవి. కాయకష్టము చేసి, ఆ కష్టమునకు తగిన కూలియు తగిన మర్యాదయు దొరకనివారి వాకిళ్ళే ఆ నేల. దూరపు ఆటను కన్నవారి ముఖము మనకు కనబడదు. దగ్గఱి ఆటను కన్నవారు మన వీధిచివరనే యున్నారు. ముఖము కనబడని యాటను ఇంటికి పిలుచుకొనుట సులభము. మన గౌరవాగౌరవములకు మూలమిదియే గాని కళలోని హెచ్చుతగ్గులు కావు.

ఆ దూరపు ఆటల పుట్టుకను ముందుగా చూతము. వానినన్నిటిని కలిపి "లాటిను నృత్యములు" అని లోకము పిలుచుచున్నది. ఆ పేరునే కొంచెము పరిశీలింపుడు. స్పానిషు, పోర్చుగీసు భాషలు లాటినునుండి పుట్టినవి. అవి తోటల యజమానుల భాషలు. ఆ నృత్యములకు ప్రాణమైన తాళమును తెచ్చినవారో, పశ్చిమాఫ్రికానుండియు కాంగోనుండియు సంకెళ్ళతో ఓడల అడుగున పడి వచ్చినవారు. పాటలోని మాటయు, తంత్రీవాద్యమును, రాగపు నడకయు యూరపునుండి వచ్చినవనుట నిజమే. కాని కాలు కదలించునది తాళము. కాలు కదలించినవాని పేరు విడిచి, కొరడా పట్టినవాని భాష పేరు ఆటకు పెట్టిరి. పుట్టుకను మఱపించు పని నామకరణమునాడే ఆరంభమైనది.

క్యూబా సంగతి చూడుడు. ఇంగ్లండు పల్లెలలోని యొక వరుసనృత్యము ఫ్రాన్సుకు పోయి దొరల సభలలో మర్యాద గడించినది. స్పెయిను మార్గమున నది క్యూబాకు చేరెను. 1791లో నేటి హైతీయందలి బానిసలు తిరుగబడగా, అచ్చటి ఫ్రెంచి యజమానులు పలువురు తమ బానిసలతో క్యూబాలోని శాంటియాగోకు పాఱిపోయివచ్చుటచే ఆ నృత్యము ఆ దీవిలో మఱింత వ్యాపించినది. అయితే సభలో ఆడువారు తెల్లవారైనను వాయించువారు పెక్కుమంది నల్లవారును మిశ్రజాతివారును. దొరల పాటను వారు తమ తాళములో నడపిరి. ఆ కలయికనుండియే హబనేరా పుట్టినది. తరువాత 1879 జనవరి 1వ తేదీన మటాన్జాస్ నగరమున మిగేల్ ఫాయిల్దే అను మిశ్రజాతి విద్వాంసుడు డాంజోన్ అను క్రొత్త నృత్యసంగీతమును సభలో వినిపించెను. ఇది ఆఫ్రికా మోటుతనమనియు, కుటుంబస్త్రీలకు తగదనియు కొందఱు పత్రికలలో వాపోయిరి. క్యూబాలో బానిసత్వము రద్దయినది 1886లో. అనగా ఆ విమర్శ పుట్టిననాటికి ఆ తాళమును కన్న జాతివారు ఇంకను సంతలోని సరకు. పిమ్మట ఒక తరము గడచునప్పటికి ఆ డాంజోనే క్యూబా దేశపు జాతీయనృత్యమైనది!

రంబా కథ మఱింత కఠినము. హవానా, మటాన్జాస్ రేవులలో మూటలు మోయు కూలీలును, ఇఱుకు పెరళ్ళ చుట్టు గదులలో కాపురముండు పేదలును దానిని కనిరి. మద్దెలపై ఆంక్షలున్న కాలమున వారు ఎండుచేపలు వచ్చు కొయ్యపెట్టెలను బోర్లించి వాయించిరి. చేత చిల్లిగవ్వ లేనివాడు తన యజమాని పాఱవేసిన పెట్టెనుండి తాళము తీసెను. 1930లో డాన్ అస్పియాసు అను వాద్యబృందనాయకుడు న్యూయార్కులో "ఎల్ మనిసెరో" అను పాటను వినిపించి రికార్డుగా వెలువరించెను. వీధిలో వేరుసెనగపప్పు అమ్ముకొనువాని కేకను ఆధారము చేసికొని మోయిసెస్ సిమోన్స్ కూర్చిన పాట అది. నిజమునకు సోన్ అను జాతికి చెందిన ఆ పాటను అమెరికా వర్తకులు "రంబా" అని పేరుపెట్టి అమ్మిరి. నేడు విదేశపు పోటీసభలలో పట్టుబట్టలు కట్టి ఆడు రంబాకును, మటాన్జాస్ పెరటి రంబాకును పేరులో తప్ప సంబంధము స్వల్పము. ఆ పోటీసభలవారు లాటిను వర్గమున నడపు ఆటలు అయిదు. అందులో పాసోదోబ్లే స్పెయినుకు సంబంధించినది. జైవ్ అనునది ఉత్తర అమెరికాలోని నల్లవారి ఆట. పుట్టుక నెవ్వరును అడుగనప్పుడు ఏ బుట్టలో ఏది వేసినను చెల్లును.

బ్రెజిలులో బానిసత్వము 1888లో రద్దయినది. బహియా ప్రాంతమునుండి రియో డి జనీరో నగరమునకు వలసవచ్చిన నల్లజాతి స్త్రీలలో తియా సియాటా అను నామె ప్రసిద్ధురాలు. ఆమె యింట ముందుగదిలో మర్యాదస్తులు మెచ్చు వాద్యగోష్ఠి, పెరటిలో సాంబా. పోలీసువారి వేధింపునకు వెఱచి చేసికొన్న యేర్పాటది. ఆ గోష్ఠులలో పదిమంది నోట పెరిగిన పాటయే 1916లో డోంగా అను నాతని పేర దాఖలైన "పెలో టెలిఫోనె". కర్తృత్వము కొఱకు నాడే కలహము పుట్టినది. ఇక టాంగో సంగతి. బ్యూనస్ ఏరీసు, మాంటెవిడియో రేవుల పేటలలో నల్లవారి కాందోంబే తాళమును, యూరపునుండి వచ్చిన బీద వలసవారి పాటయు కలిసి పుట్టిన ఆట అది. స్వదేశపు పెద్దలు దానిని వేశ్యవాటికల ఆట అని అసహ్యించుకొనిరి. 1913 ప్రాంతమున పారిసు నగరము దానికై వెఱ్ఱెత్తిపోయినది. ఆ పిమ్మటనే ఆ పెద్దలకు అందులో తమ జాతి యాత్మ కనబడినది! 2009లో టాంగోను, 2016లో క్యూబా రంబాను మానవజాతి వారసత్వ సంపదలుగా యునెస్కో పట్టికలలో చేర్చిరి.

ఈ కథలన్నిటిలో ఒకటే క్రమము గోచరించుచున్నది. మొదట నింద: ఇది అశ్లీలము, దీనిని ఆడువారు నీచులు. పిదప ప్రక్షాళనము: ఆటను మాత్రము తీసికొని, కడిగి, అడుగులు లెక్కకట్టి, రుసుము నిర్ణయించి, మర్యాదస్తుల బిడ్డలకు నేర్పుట. తుదకు గర్వము: ఇది మా జాతి సంపద. ఈ మూడు మెట్లలో ఏ మెట్టునను ఆటను కన్నవానికి పీట వేయలేదు. మొదటి మెట్టున వానిని తఱిమిరి. రెండవ మెట్టున వాని సొత్తు తీసికొనిరి. మూడవ మెట్టున వానిని మఱచిరి.

ఇది సముద్రముల కావలి సంగతి యని తలంపవలదు. ఆ చెఱకుతోటలతో మనకును చుట్టఱికము కలదు. మారిషసు దీవిలో 1835లో బానిసత్వము రద్దు కాగా, ఖాళీయైన చెఱకు మళ్ళలో పనిచేయుటకు హిందూదేశమునుండి కూలీలను ఓడలపై కొనిపోయిరి. అందులో మన గంజాము, విశాఖపట్టణ మండలముల తెలుగువారును కలరు. అచ్చటి నల్లబానిసలు కన్న సెగా అను ఆటపాటను దొరలును మతాచార్యులును చిరకాలము ఛీకొట్టిరి. 2014లో అదియు యునెస్కో పట్టిక నెక్కినది. ఆ గడ్డపై మన కూలివాడు ఆ నల్లవాని స్థానముననే నిలిచి ఆ కొరడా దెబ్బయే తినెను. కావున రంబా కథ చదివినప్పుడు మనము దొరపక్షమున కూర్చుండి వినోదింపరాదు.

ఇక మన గడ్డకు వత్తము. శ్రీకాకుళము, విజయనగరము జిల్లాల పల్లెలలో గొఱ్ఱెలను, పశువులను కాచుకొను యాదవులు ఆడునవి తప్పెటగుళ్ళు. పదునైదుగురో ఇరువదిమందియో గుంపుగా నిలిచి, ఱొమ్మున వ్రేలాడు తప్పెటను చేతులతో వాయించుచు, కాలిగజ్జెలు మ్రోగ, గంగమ్మను వాన కోరి కొలుతురు. రామాయణ భాగవత కథలను పాడుదురు. ఇందలి కష్టము నెఱిగినవారెందఱు? మన సభలలో పాడువాడొకడు, మృదంగము వాయించువాడొకడు, ఆడువాడొకడు. తప్పెటగుళ్ళలో ఆ మూడు పనులును ఒక్కని దేహమే ఒక్కసారిగా చేయవలెను. నోట పాట, చేత దరువు, కాలిలో నడక; మూడింటిలో దేనికిని తాళము తప్పరాదు; ప్రక్కవానితో అడుగు తప్పరాదు. ఇంతటి సాధన చేసినవానిని మన పత్రికలు "జానపదుడు" అను నొక్క మాటతో సరిపెట్టును. వీణ వాయించువాడు విద్వాంసుడు; తప్పెట వాయించువాడు జానపదుడు. మొదటివానికి పేరుండును, రెండవవానికి జాతి మాత్రమే యుండును.

అరకులోయ మన్యమున పొర్జలు, బగతలు, వాల్మీకులు మున్నగు గిరిజనులు ఆడు థింసాయు నిట్టిదే. స్త్రీలు ఒండొరుల వీపున చేతులు పెనవైచి గొలుసువలె సాగుదురు. డప్పు, తుడుము, మోరి, కిరిడి, జోడుకొమ్ములు దాని వాద్యములు. అందొక భేదము అడవిలో ఆకు కోయు పనిని చూపును. మఱియొకటి పులి వాత పడక తప్పించుకొనుటను చూపును. అనగా అడవిలోని బ్రతుకే అడుగైనది. రేవుకూలీ పెట్టె రంబా అయినట్లు, అడవికూలీ నడక థింసా అయినది. అతిథులు కొండయెక్కి వచ్చినప్పుడు ఆ స్త్రీలను వరుసగా నిలిపి ఆడించి, నడుమ తామును చేరి ఛాయాచిత్రము తీయించుకొని, తృప్తితో దిగివత్తురు. ఆడినవారి పేర్లు అడుగువారు అరుదు.

ఈ యలవాటు మనకు క్రొత్తదియు కాదు. కాకతి గణపతిదేవుని గజసాహిణియగు జాయపసేనాని 1253-54 ప్రాంతమున నృత్తరత్నావళిని రచించెను. ఎనిమిది అధ్యాయములలో నాలుగింటిని మార్గమునకును, నాలుగింటిని దేశికిని సమముగా పంచియిచ్చిన ఔదార్యము ఆతనిది. నేటి పండితులలో అట్టి సమదృష్టి దుర్లభము. అందు గొండలి యను నృత్తము పుట్టుకను చెప్పుచు, కల్యాణనగరమున భూతమాత ఉత్సవమందు భిల్లవేషము ధరించి యొక స్త్రీ ఆడుట చూచి, సోమేశ్వరుడను రాజు ముచ్చటపడి ఆ యాటను చేపట్టెనని వ్రాసెను. రాజు పేరు గ్రంథమున నిలిచినది. ఆటను చూపిన స్త్రీ పేరు నిలువలేదు. న్యూయార్కు వర్తకుడు 1930లో చేసినది మన రాజు ఎనిమిది వందల యేండ్లకు పూర్వమే చేసెను. అంతకు మునుపటి నాట్యశాస్త్రమునే చూడుడు. భరతపుత్రులు ఋషులను ప్రహసనములలో పరిహసింపగా, ఋషులు కోపించి వారికి శూద్రత్వము కలుగునట్లు శపించిరని కడపటి అధ్యాయమున కలదు. ఆటగాని హీనస్థితి ఆట స్వభావమువలన వచ్చినది కాదనియు, పెద్దల కోపమువలన వచ్చినదనియు శాస్త్రమే యొప్పుకొన్నది!

సంస్కర్తలమని చెప్పుకొను మనము ఈ పాపమునుండి తప్పించుకొనలేము. కందుకూరి వీరేశలింగము పంతులుగారు మొదలుకొని నాటి పెద్దలు కళావంతుల మేళములను ఖండించిరి. దాని వెనుకనున్న కరుణను నేను కాదనను. చిన్నబిడ్డను దేవునికి అంకితము పేరిట ధనవంతుని భోగమునకు అప్పగించుట ఘోరము. దానిని నిషేధించిన 1947 నాటి మద్రాసు దేవదాసీ చట్టము న్యాయమైనది. కాని ఆ ఉద్యమమున శిక్ష యెవరికి పడినదో విచారింపుడు. మేళమును పిలిపించిన జమీందారుని జమీ పోలేదు. ప్రక్కన కూర్చుండి చూచిన ప్లీడరుగారి పలుకుబడి తగ్గలేదు. ఆడిన స్త్రీ జీవనము పోయినది. నేర్చిన విద్య నేరమైనది. ఆ తరువాత ఏమి జరిగినది? ఆమె నోట నిలిచిన పదములును జావళీలును కులస్త్రీల నోట సభలకెక్కినవి. అభినయము రంగస్థలమున కెక్కినది. ఎక్కుట తప్పని నేననను. ఆ విద్యను తరతరములు కాపాడినది ఎవరని ఆ సభలలో ఒక్కమాట చెప్పకపోవుట తప్పు. మనము దురాచారమును తొలగించుటతో ఆగలేదు. దురాచారమునకు బలియైనదాని సొత్తునుగూడ జప్తు చేసితిమి.

ఈ సంగతిని విజయనగరమువారు ముందే గ్రహింపవలసియుండెను. గురజాడవారి కన్యాశుల్కము 1892లో ఆ పట్టణముననే ప్రదర్శింపబడి 1897లో అచ్చయినది. వేశ్యల మొగము చూడనొల్లని సౌజన్యారావు పంతులు యెదుట మధురవాణిని నిలిపి, న్యాయము గెలుచుటకు ఆమె సాయమే కావలసివచ్చినట్లు చూపెను గదా! ఆ నాటకమును కంఠస్థము చేసినవారే ఆ ఘట్టములోని పాఠమును మఱచిరి. 1919లో ఆ పట్టణముననే సంగీత కళాశాల వెలసినది. హరికథాపితామహుడు ఆదిభట్ల నారాయణదాసుగారు దాని తొలి అధ్యక్షులు. దాసుగారు కాలికి గజ్జె కట్టి, చేత చిడతలు పట్టి, ఆడుచు పాడుచు కథ చెప్పెడివారు. లోకము వారిని పూజించినది, పూజింపదగినవారే. అయితే పండితుని కాలి గజ్జెకు నమస్కారము, కళావంతురాలి కాలి గజ్జెకు చీత్కారము, గొల్లవాని కాలి గజ్జెకు పైసా విసరుట, ఇది యెక్కడి ధర్మము? కంసాలి పోసిన కంచు ఒక్కటే, మ్రోత ఒక్కటే. మైల యనునది, కట్టిన కాలి కులము నెంచు కంటిలో నున్నది.

నా మాటకు ఎదురు చెప్పువారు కొందఱు కలరు. వారిలో మొదటివారు నీతిపరులు. "ఆ పాటలలో బూతు కలదు, దానిని మా బిడ్డలు విననేల?" అందురు. కొన్నిటిలో కలదు. కాని శృంగారమును చూచి వెఱచువారు మొదట మన కావ్యములను అటకెక్కింపవలెను. నైషధమునందలి వర్ణనలకు ప్రతిపదార్థము వ్రాసినవానికి మార్కులిచ్చుచున్నాము. క్షేత్రయ్య పదములకు అధ్యాత్మికార్థము చెప్పి సభలలో పాడించుచున్నాము. గంటము పట్టినవాని శృంగారము రసమును, గొడ్డలి పట్టినవాని శృంగారము బూతును ఎట్లగును? 1913లో జర్మను చక్రవర్తి తన సైనికాధికారులు సమవస్త్రములతో టాంగో ఆడరాదని యాజ్ఞాపించెను. నేడు ఆ యాజ్ఞ తలచుకొని లోకము నవ్వుచున్నది. మన తీర్పులును ఆ గతికే పోవును.

రెండవవారు విశాలహృదయులు. "కళకు కులమేమి? కళ అందఱిది" అందురు. వినుటకు ఇంపైన మాటయే. అయితే తీసికొనునప్పుడు కులములేని కళకు, కూర్చుండబెట్టునప్పుడు కులమెక్కడినుండి వచ్చుచున్నది? కళకు కులము లేనిచో చావునకు డప్పు వాయించు పని ఒక కులమువారిదే యెందుకైనది? ఇచ్చట ఇంకొక సంగతి చెప్పక తప్పదు. డప్పు మాదిగలకు కళ యగుటకు ముందు వెట్టి. పిలిచినప్పుడు పోక తప్పని పనిగా తరములు నడచినది. ఆ వెట్టికి వెఱచి డప్పును అటకపై పెట్టి చదువుకొన్న యువకునితో, "అయ్యో, ప్రాచీన కళ నశించుచున్నది, నీవు కాపాడవలదా?" అని నీతులు చెప్పుటకు మనకు అధికారము లేదు. వాయించుటయు మానుటయు ఆతని యిష్టము. ఆతడే దానిని తన సభలో, తన గౌరవము చాటుటకు, తన యిచ్ఛతో వాయించినప్పుడు అది కళ. మన మాటపై వాయించినప్పుడు అది ఇంకను వెట్టియే. కళను రక్షింపవలెనన్నచో ముందు కళాకారునికి కాదనుటకు స్వాతంత్ర్యము కావలెను.

మూడవవారు తృప్తులు. "ప్రభుత్వమువారు ఉత్సవములలో ఈ కళలను చూపుచునే యున్నారు; పాఠశాలల వార్షికోత్సవములలోను చిన్నపిల్లలచే ఆడించుచున్నారు; ఇంకేమి కావలెను?" అందురు. ఉపాధ్యాయుడనగుటచే ఈ వార్షికోత్సవముల లోగుట్టు నేనెఱుగుదును. ఊరి దళము గురువును పిలిపించి, నెల దినములు సాయంకాలములు పిల్లలకు నేర్పింతురు. ఉత్సవమునాడు పిల్లలకు అద్దె దుస్తులు, అతిథులకు పూలదండలు, ఆహ్వానపత్రికలో పదిమంది పెద్దల పేర్లు. నేర్పిన గురువు పేరు మాత్రము ఉండదు. ఆతడు వేదికకు వెనుక, తెర త్రాడు పట్టువాని ప్రక్కన నిలిచి చూచును. ఆట ముగియగానే చేతిలో బస్సు ఛార్జీలు పెట్టుదురు. సంగీతము నేర్పినవారికి వేదికపై శాలువ. తప్పెట నేర్పినవానికి వేదిక వెనుక బస్సు ఛార్జి. దీనిని కళాపోషణ యనుటకు నా నోరు రాదు.

మంచి త్రోవ చూపినవారు మన ప్రాంతమున లేకపోలేదు. గిడుగు రామమూర్తిపంతులుగారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులై యుండి, కొండసవరల భాష నేర్వదలచి, అది తెలిసినవానిని తమ యింట నుంచుకొని నేర్చిరి. సవరల పాటలను కథలను వారి నోటనే విని వ్రాసికొనిరి. సవర బిడ్డల కొఱకు పుస్తకములు వ్రాసి బడులు నడపించిరి. 1931లో సవరభాషా వ్యాకరణమును, 1938లో నిఘంటువును ప్రకటించిరి. సవరలనుండి తీసికొన్నదానిని సవరలకు అక్షరముగా తిరిగి యిచ్చిరి. తీసికొనుటలో మర్యాద యనగా నిది. వ్యావహారిక భాషోద్యమమున పంతులుగారి పేరు చెప్పుకొనువారు వేలకొలది. సవరవాని వద్ద శిష్యుడై కూర్చున్న ఆ వినయమును అనుసరించువారెందఱు?

చేయవలసినది పెద్ద పనియేమియు కాదు. ఏ సభలో తప్పెటగుళ్ళో, థింసాయో, డప్పో మ్రోగినను, దళనాయకుని పేరును ఊరును అధ్యక్షుని పేరుతో సమానమైన అక్షరములలో అచ్చొత్తవలెను. సభలో పాడిన విద్వాంసునికి ఏ లెక్కన సంభావన యిత్తుమో, ఆ లెక్కననే దళమునకును ఈయవలెను. దయగా గాక, ముందే మాటాడుకొన్న కూలిగా ఈయవలెను. సంగీత కళాశాలలలో వీణకును వయోలినుకును ఉన్నట్లే తప్పెటకును తుడుముకును ఆచార్యపీఠములు కావలెను. ఆ పీఠములపై పరీక్షాపత్రముల నడుగక, చేతిలో దరువున్నవారిని కూర్చుండబెట్టవలెను. పదములును జావళీలును పాడు సభలలో, వానిని కాపాడిన కళావంతులను ఆరంభముననే తలచుకొనవలెను. మన బిడ్డలు సాల్సా నేర్చినచో నేర్తురుగాక, నాకు అభ్యంతరము లేదు. అది ఎవరి చెమటనుండి పుట్టినదో వారికి చెప్పుడు. అది తెలిసిన బిడ్డకు మన వీధిలోని డప్పును విని ముక్కు మూసికొనుట చేతకాదు.

పాఠక మహాశయులారా, ఇవియన్నియు సభలకు సంబంధించినవి. సంస్కారమునకు పరీక్ష సభలో జరుగదు, ఇంటిలో జరుగును. మీ యింటి పెండ్లికి వాయింప వచ్చినవారికి భోజనము ఏ పంక్తిలో పెట్టితిరి? పెరటిలోనా, పందిటిలోనా? మీ బిడ్డకు అడుగులు నేర్ప వచ్చిన గురువునకు దాహమైనప్పుడు నీరు ఏ గ్లాసులో ఇచ్చితిరి? అందఱు త్రాగు గ్లాసులోనా, గూటిలో వేఱుగా నుంచినదానిలోనా? వితంతు వివాహమును సమర్థించితిమి, స్త్రీవిద్యను సమర్థించితిమి అని చెప్పుకొను గృహములలోనే ఆ వేఱు గ్లాసు ఇంకను గూటిలో నున్నచో, మన సంస్కారము వీధి గుమ్మము దాటి లోనికి రాలేదని యర్థము. ఆ గ్లాసును నేడే తీసివేయుడు. ఆటను లోనికి పిలిచిననాడు ఆటగానిని కూడ లోనికి పిలిచి, మనము కూర్చుండు కుర్చీనే ఆతనికి వేయుడు.